మా అత్త కోర్టును అడిగిన మాట

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో నలుగురం కూర్చుని టీవీలో ఒక కోర్టు సినిమా చూశాం. సొంత బిడ్డను హింసించారని ఒక కుటుంబం మీద కేసు పడుతుంది. బిడ్డ ఒంటి మీద గాయాలుంటాయి. తల్లి ఏడుస్తూ ఉంటుంది, తండ్రి నోరు విప్పడు, తాత తల దించుకుని కూర్చుంటాడు. అక్కడి నుంచి సినిమా అంతా వకీళ్ల అరుపులే. ఇలాంటి సినిమా మా ఇంట్లో ఎవరూ కోరి పెట్టరు. రిమోట్ మా అమ్మాయి చేతిలో ఉంది. నాలుగో తరగతి పిల్ల, ఏదో పాట బాగుందని అక్కడ ఆపింది. కథ ఏమిటో మా ఆయనకూ నాకూ అర్థమయ్యేసరికి మా అత్త చాప మీద కాళ్లు చాపుకుని, ఒళ్లో చేట పెట్టుకుని వేరుశనక్కాయలు ఒలుస్తూ సినిమాలో మునిగిపోయింది.

మార్చమని కళ్లతోనే సైగ చేశాను. మా అమ్మాయి రిమోట్ వీపు వెనక దాచుకుంది. మా ఆయన నా వైపు ఒకసారి చూసి, మంచినీళ్లు తాగే మిషతో వంటింట్లోకి పోయి, పోయినంత తొందరగానే వెనక్కి వచ్చాడు. కథ మధ్యలో వదిలేసి ఉండటం ఆయన వల్ల కాదు.

సినిమాలో కోర్టు చాలా దర్జాగా ఉంది. ఎత్తైన పైకప్పు, నున్నటి చెక్క బల్లలు, కిటికీలోంచి సరిగ్గా ముద్దాయి ముఖం మీదే పడే ఎండ. మా అత్త ఒలవడం ఆపి కాసేపు చూసింది.

"మన కోర్టు ఇట్ల లేదే," అంది.

"మనకు కోర్టు ఏంది జేజీ?" అని మా అమ్మాయి వెంటనే పట్టుకుంది.

సినిమా చూడమని నేను కసిరాను. ఆ కోర్టులో ఒక పూటంతా పెద్దవాళ్లు మాట్లాడుకున్నది తన గురించేనని ఆ పిల్లకు తెలియదు.

మాది గిద్దలూరు. మా నాయన రైల్వేలో పట్టాల పని చేసి రిటైరయ్యాడు. మా అత్తగారి ఊరు కొనకనమిట్ల దగ్గర పల్లె. అక్కడ గొర్రెలు, మేకలు, వానొస్తే పండే కాస్త కంది చేను. మేమిద్దరం మార్కాపురంలో అద్దెకుంటాం. మా ఆయన ట్రాలీ ఆటోలో పలకల ఫ్యాక్టరీల సరుకు తోలతాడు. నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. నాకు కోపం ఎక్కువని బడిలో పిల్లలూ అంటారు, ఇంట్లోనూ అంటారు. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ కోర్టు సంగతి జరిగినప్పుడు మా అమ్మాయికి ఏడాదిన్నర. ఏం పెట్టినా తినేది కాదు. రాగిజావ ఉమ్మేసేది, నెయ్యన్నం బుగ్గన పెట్టుకుని కూర్చునేది, గుడ్డు వాసన చూస్తేనే ఏడుపు. చేతులు పుల్లల్లా, కళ్లు మాత్రం ఇంతింత. వీధిలో ఎవరు చూసినా ఒక మాట అనకుండా పోయేవాళ్లు కాదు. తల్లికి పాలు లేవా అని ఒకరు, బడికి పోతే బిడ్డను ఎవరు చూస్తారని ఇంకొకరు. నేను పళ్లు కొరుక్కునేదాన్ని. మా అత్త ఒకసారి వచ్చి, బిడ్డను ఒళ్లో పడుకోబెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది పక్కిదోషం అని తేల్చింది. పొద్దుగూకే వేళ ఆరుబయట పడుకోబెట్టిన బిడ్డ మీదుగా పక్షి ఎగిరి, దాని నీడ పడితే బిడ్డ ఎండిపోతుందని ఆ పల్లెల్లో నమ్మకం. ఎండ పడితే ఎండుతారు గానీ నీడ పడితే ఎందుకు ఎండుతారు అత్తా అని నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఆ తర్వాత మా బడిలో పరీక్షలొచ్చాయి. పొద్దున పోతే సాయంత్రం దాకా రావడానికి లేదు. బిడ్డను పల్లెలో మా అత్త దగ్గర వదిలాం. పరీక్షలు అయిపోయిన రోజే నేను బస్సెక్కి పోయి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి స్నానం చేయిద్దామని గౌను విప్పితే, బొడ్డు చుట్టూ నల్లటి గుండ్రటి మచ్చలు. ఒక్కొక్కటీ శనగ గింజంత. చుట్టూ ఎర్రగా కందిపోయి, రెండు మూడు చోట్ల రసి కారుతోంది. చెయ్యి తగిలితే బిడ్డ కెవ్వుమంది.

మా అత్తకు ఫోన్ చేశాను. గండుచీమలు కుట్టినాయిలే, తగ్గిపోతాయి అంది. వెనకాల మేకలు అరుస్తున్నాయి, వాటికి నీళ్లు పెట్టాలని ఫోన్ పెట్టేసింది. చీమలు అంత క్రమంగా, ముగ్గుకు చుక్కలు పెట్టినట్టు కుడతాయా అని నాకు ఆ క్షణంలో తట్టలేదు. బిడ్డ ఏడుస్తుంటే బుర్ర పనిచేయదు.

పిల్లల డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాం. మా ఊరికి కొత్తగా వచ్చిన చిన్న వయసు డాక్టరు, సముద్రం వైపు మనిషి. గౌను పైకెత్తి చాలాసేపు చూసింది. ఏమైందని అడిగింది. చీమలు అన్నాను. బరువు చూడాలని నర్సుతో పాటు బిడ్డను, నన్ను పక్క గదిలోకి పంపి, మా ఆయనను అదే ప్రశ్న అడిగింది.

మా ఆయన గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆయనకు "తెలియదు" అనడం రాదు. దారిలో ఎవరైనా ఫలానా వీధి ఎక్కడ అని అడిగితే, తెలియకపోయినా ఏదో ఒక వైపు చెయ్యి చూపిస్తాడు. చదువుకున్న డాక్టరమ్మ ముందు, సొంత బిడ్డ గురించి తెలియదు అంటే బాగుండదనుకున్నాడు. వేడినీళ్లు చిందినాయి మేడమ్ అన్నాడు. డాక్టరమ్మ మా అత్త నంబరు తీసుకుని తనే మాట్లాడింది. డాక్టరు గొంతు వినగానే మా అత్తకు చీమలు సరిపోవనిపించినట్టుంది, గొంగళిపురుగు పాకింది అని చెప్పింది.

అంటే ఒక్క కడుపు మీది మచ్చలకు ముగ్గురం మూడు కారణాలు చెప్పాం.

డాక్టరమ్మ మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. ఆమె తిట్టి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. బిడ్డను ఒక రోజు తన దగ్గర ఉంచమంది. సాయంత్రానికి ఒక ఆడ కానిస్టేబులూ, పిల్లల సంరక్షణ చూసే ఆఫీసు నుంచి ఒకావిడా వచ్చారు. డాక్టరమ్మ రాసిన కాగితంలో, సిగరెట్టుతో కాల్చిన గుర్తుల్లా ఉన్నాయని ఉంది. కానిస్టేబులు మా ఆయనను జేబులు చూపించమంది. చొక్కా జేబులోంచి సిగరెట్ పెట్టె బయటికొచ్చింది. మానేశానని బిడ్డ పుట్టిన రోజున నా చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టిన మనిషి.

కేసులో మా ముగ్గురి పేర్లూ రాశారు. బిడ్డను జిల్లా కేంద్రంలో ఉన్న శిశుగృహకు పంపారు. జీపు ఎక్కించేటప్పుడు అది నా కొంగు వదల్లేదు, వేళ్లు ఒక్కొక్కటిగా విడదీశారు. ఆ విడదీసినావిడ కూడా ఏడ్చింది. ఆ మాట రాయకపోతే ఆమెకు అన్యాయం చేసినదాన్నవుతాను.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో నేను వరసగా చెప్పలేను. తల్లీతండ్రులం మాత్రం వారానికొకసారి పోయి చూసి రావచ్చు. ఆయా పక్కనే కూర్చుని ఉండేది. పోయేటప్పుడు బస్సులో నిద్ర వచ్చేది కాదు, వచ్చేటప్పుడు ఏడుపు ఆగేది కాదు. కొన్నాళ్లు సెలవు పెట్టమని బడిలో మర్యాదగానే చెప్పారు. వీధిలో ఇదివరకు సలహాలు చెప్పినవాళ్లు ఇప్పుడు నన్ను చూసి లోపలికి పోయేవాళ్లు. అది నయమే అనిపించేది.

అన్నిటికంటే నన్ను తినేసింది అనుమానం. నేను కాదు. అయితే ఎవరు? బిడ్డ నా దగ్గర లేని రోజుల్లో మా ఆయన రెండుసార్లు పల్లెకు పోయి వచ్చాడు. ఒకరోజు పగలు అన్నం పెడుతూ అడిగేశాను, సిగరెట్టు ఏమన్నా తగిలించినావా, పొరపాటున అయినా సరే చెప్పు అని. ఆయన నా ముఖం వైపు చూశాడు. కోప్పడలేదు. కలిపిన ముద్ద కంచంలో పెట్టేసి, చెయ్యి కడుక్కుని బయటికి పోయాడు. అడిగినందుకు నేను బాధపడ్డాను, అడగడం మాత్రం ఆపలేదు.

పల్లెకు పోయి మా అత్తనూ అడిగాను. ఊరంతా వింటోందని కూడా చూడలేదు. బిడ్డ నీ దగ్గరే ఉంది, నీకు తెలియకుండా ఎట్ల జరుగుతుంది, బిడ్డ మీద ఒట్టేసి చెప్పు అని అరిచాను. ఒట్టు అనేసరికి ఆమె ముఖం పాలిపోయింది. వెయ్యలేదు. దొడ్లోకి పోయి పిల్లమేకకు పాలు తాపుతూ కూర్చుంది. నాకైతే అనుమానం పోయి నమ్మకమే కుదిరింది, ఈవిడ దగ్గర ఏదో ఉంది అని. పక్కన నిలబడి చూస్తున్న మా ఆయన కూడా తల్లిని అడిగాడు. ఆమె ఇంకో పిల్లమేకను దగ్గరికి లాక్కుంది.

మా నాయన గిద్దలూరు నుంచి వచ్చాడు. ఆయన తక్కువ మాటల మనిషి. "వాళ్లిద్దరితో నీకు సంబంధం లేదని కోర్టులో చెప్పు పాపా. బిడ్డను నీకిస్తారు. మన ఇంటికి వచ్చెయ్యి," అన్నాడు. మా వకీలు కూడా ఆ దారి ఉందని ఒప్పుకున్నాడు. నేను కాదనలేదు, అవుననలేదు. కోర్టు రోజు దాకా ఆగుదామన్నాను. నిజం చెప్పాలంటే, ఆ రోజు మా అత్త నోరు విప్పకపోతే నేను మా నాయనతో పోవడానికి బట్టలు సర్దుకునే ఉన్నాను.

బిడ్డను తిరిగి ఇవ్వమని మేము పెట్టుకున్న అర్జీ విచారణకు వచ్చిన రోజున, మా అత్త పల్లె బస్సు దిగి నేరుగా కోర్టుకు వచ్చింది. పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుంది. చేతిలో స్టీలు డబ్బా, అందులో నువ్వులుండలు. బిడ్డను కోర్టుకు తెస్తారనుకుంది. కనపడిన ప్రతి నల్లకోటునూ బిడ్డ వచ్చిందా నాయనా అని అడిగింది. తీసుకురారని తెలిశాక డబ్బా కొంగులో చుట్టుకుని వరండాలో ఒక మూల కూర్చుంది. నేను ఆమె పక్కన కూర్చోలేదు. మా నాయన పక్కన కూర్చున్నాను. మా ఆయన ఎటూ కూర్చోలేక గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

మా కోర్టు గది మా బడిలో ఐదో తరగతి గదంత ఉంటుంది. పైన చప్పుడు చేసే ఫ్యాను, గోడ వారగా కాగితాల కట్టలు. మాకంటే ముందు ఒక పొలం గట్టు తగాదా, ఆ తర్వాత ఒక బైకు కేసు. మా పేర్లు పిలిచేసరికి మధ్యాహ్న భోజనం వేళ దగ్గర పడింది. జడ్జమ్మ నడివయసు మనిషి. గొంతు పెంచకుండా మాట్లాడుతుంది. వినాలంటే మనమే సద్దు చేయకుండా ఉండాలి.

ముందు డాక్టరమ్మ చెప్పింది. మచ్చలన్నీ ఒకే పరిమాణంలో, ఒక వరసలో ఉన్నాయి, పురుగు కుడితే అలా ఉండదు, నీళ్లు చిందినా అలా ఉండదు, ఎవరో కావాలని చేసినవే. ప్రభుత్వ వకీలు లేచి, ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారన్న సంగతి గుర్తు చేశాడు. అందులో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. మా వకీలు ఏదో అన్నాడు గానీ ఆయనకే దాని మీద నమ్మకం ఉన్నట్టు లేదు.

జడ్జమ్మ మా అత్తను ముందుకు పిలిచింది. బిడ్డను చూసుకున్నది మీరే కదా, ఏం జరిగిందో చెప్పండి అంది. మా అత్త చేతులు కట్టుకుని నిలబడింది. జడ్జమ్మ ఆగి మళ్లీ అడిగింది. ఎవరూ చెప్పకపోతే బిడ్డను ఆ ఇంటికి పంపడం కుదరదని, చాలాకాలం శిశుగృహలోనే ఉండాల్సి వస్తుందని నెమ్మదిగా వివరించింది. ముసలిదాన్ని పట్టుకుని ఊపేయాలన్నంత కోపం వచ్చింది.

అప్పుడు మా అత్త చేతులు జోడించింది.

"ఒక మాట అడగొచ్చునా తల్లీ?"

జడ్జమ్మ అడగమంది.

"బిడ్డ ఒళ్లు చేసిందా?"

వెనక బెంచీ మీద ఎవరో నవ్వారు. మా వకీలు నుదురు పట్టుకున్నాడు. జడ్జమ్మ నవ్వలేదు. డాక్టరమ్మ వైపు తిరిగి, ఈమధ్య బిడ్డను చూశారా అని అడిగింది. చూశానని, బరువు బాగా పెరిగిందని, అన్నీ తింటోందని డాక్టరమ్మ చెప్పింది. వారం వారం చూసొచ్చిన మేము ఆ సంగతి మా అత్తకు చెప్పనే లేదు. మా అత్త అది చాలదన్నట్టు డాక్టరమ్మకేసి ఒక అడుగు వేసింది.

"గదమ కింద మడత పడిందా అమ్మా?"

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆలోచించి, తన గడ్డం కింద తనే వేలు పెట్టి చూసుకుంది. పడింది అంది.

"అయితే చెప్తా," అంది మా అత్త.

చెప్పింది. ఆమె పెట్టినది జీడి. బట్టల మీద చెరగని గుర్తు పెట్టడానికి వాడతారే, ఆ నల్లజీడి గింజ. గొర్రెలకు కాళ్లు వాచినా, కీళ్లు పట్టినా వాళ్లు దాన్నే పెడతారు. ఆ గింజను దీపం మీద కాచి, ఊరిన నూనెను సూదిమొనతో తీసి, పక్కిదోషం తగిలిన బిడ్డకు బొడ్డు చుట్టూ చుక్కలు పెడతారు. ఆ నూనె తగిలిన చోట చర్మం కాలినట్టే నల్లబడి పొక్కుతుంది. వాళ్ల అత్త ఆమెకు నేర్పింది, ఆ అత్తకు వాళ్ల అత్త.

ఇన్నాళ్లూ ఎందుకు దాచారని జడ్జమ్మ అడిగింది.

"పెట్టినోళ్లు ఫలానాది పెట్టినామని నోటితో అంటే మందు పారదు తల్లీ. బిడ్డ ఒళ్లు చేసేదాకా అనకూడదు. అంటే మళ్లా ఎండిపోతాది. నన్ను జైల్లో ఏసినా ఏసుకోనీ, బిడ్డ నిలబడితే చాలనుకున్నా. కోడలు ఒట్టెయ్యమనింది. బిడ్డ మీద దొంగొట్టు ఎట్ల ఏసేది?"

తను చెప్పింది జడ్జమ్మ ఇంకా నమ్మలేదేమో అనుకుని ఆమె మా ఆయన వైపు చెయ్యి చూపించింది. "వానికీ పెట్టినా. చిన్నప్పుడు ఇట్లే ఎండిపోయినాడు. చొక్కా ఎత్తి చూడండి," అంది.

మా ఆయన తన కడుపు వైపు తనే చూసుకున్నాడు. ఆయన బొడ్డు చుట్టూ చిన్న చిన్న నల్ల మచ్చలున్నాయని పెళ్లయిన కొత్తలోనే నేను చూశాను. ఏమిటివి అంటే పుట్టుమచ్చలు అన్నాడు. అదీ తెలియదు అనలేక చెప్పిన మాటే అని ఆ రోజు అర్థమైంది. బిడ్డ కోలుకున్నాక చెప్పవచ్చు గానీ, కోలుకున్నాక ఇక ఆ సంగతి ఎవరికి కావాలి? ముప్పై ఏళ్లు దాటినా ఆయనకు ఎవరూ చెప్పలేదు.

కోర్టులో చొక్కా ఎత్తనవసరం లేదని జడ్జమ్మ ఆపింది. డాక్టరమ్మ ఆయనను పక్క గదిలోకి తీసుకుపోయి చూసింది. తిరిగి వచ్చినప్పుడు ఆమె ముఖంలో ఉన్నది ఏమిటో నేను సరిగ్గా చెప్పలేను. ఇబ్బంది కాదు. బరువు దించుకున్నట్టుంది. మచ్చలు పాతవి, కానీ అదే వరస, అదే పరిమాణం అని చెప్పింది.

జడ్జమ్మ మా అత్తను వదిలిపెట్టలేదు. అది విషం లాంటిదని, కంట్లో పడి ఉంటే బిడ్డకు చూపు పోయేదని, ఇంకో బిడ్డకు పెట్టినట్టు తెలిస్తే తనే జైలుకు పంపుతానని గట్టిగానే చెప్పింది. మా అత్త బుద్ధిగా తల ఊపింది. ఇంక పెట్టను తల్లీ, ఇప్పుడు పని లేదు కదా అంది. చర్మం డాక్టరు ఒకరు బిడ్డను చూసి, కాల్చినవి కావని చెప్పాక బిడ్డను అప్పగించాలని తేలింది.

నేను వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుని ఏడ్చాను. అన్ని రోజులు ఏడ్చిన ఏడుపు కాదు అది. లోపల బిగుసుకుపోయి ఉన్నదేదో వదిలిపోయింది. మా ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు. అన్నం ముందు నేనడిగిన ప్రశ్న ఇద్దరికీ గుర్తొచ్చింది. సిగరెట్టు మళ్లీ ముట్టనని ఆయన అన్నాడు. ఆ సంగతి తర్వాత చూద్దాంలే అన్నాను. మా నాయన మాకు టీ తెచ్చిచ్చి, గిద్దలూరు బస్సెక్కి ఒక్కడే పోయాడు.

డాక్టరమ్మ వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగింది. శిశుగృహలో బిడ్డకు నులిపురుగుల మందు వేయించామని, అప్పటి నుంచే తినడం మొదలుపెట్టిందని మెల్లగా చెప్పింది. తను చేసింది తప్పని ఆమె అనలేదు, నేనూ అనను. నా బిడ్డ కాక ఇంకొకరి బిడ్డయి ఉంటే, ముగ్గురు పెద్దవాళ్లు మూడు మాటలు చెబుతుంటే, అలా చేసే డాక్టరు ఉండాలనే నేనూ కోరుకుంటాను. నులిపురుగుల సంగతి మా అత్తకు చెప్పాలని రెండడుగులు వేశాను. ఆమె వరండాలో కూర్చుని, పొద్దున నుంచి ఏమీ తినని మనిషి, డబ్బా తెరిచి బంట్రోతుకు నువ్వులుండ పెడుతోంది. తర్వాత చెప్పవచ్చులే అనుకున్నాను. తర్వాత చెప్పాను కూడా. ఆ మందు పారేదానికి నేను కడుపులో దారి చేసిపెట్టినా అంది. ఆమెతో వాదించి గెలిచినవాళ్లను నేనింతవరకు చూడలేదు.

బిడ్డను ట్రాలీ ఆటోలోనే తెచ్చుకున్నాం. ఆయా చంకలోంచి మొదట రాలేదు. ఆ కాసేపు నాకు ప్రాణం పోయినట్టయింది. తర్వాత మా ఆయన చొక్కా గుండీ చూసి గుర్తుపట్టినట్టు దాన్ని పట్టుకుంది. అది పట్టుకునే అలవాటు దానికి ముందు నుంచీ ఉంది. దారిలో పొదిలి దాటేదాకా నా ఒళ్లో కూర్చుని రెండు బిస్కెట్లు, అరటిపండు తినేసింది. నేను ఆపకుండా పెడుతూనే ఉన్నాను. కొనకనమిట్ల దగ్గర రోడ్డు పక్కన మా అత్త నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో, ముఖమంతా దుమ్ము. ఆటో ఆగగానే బిడ్డను ముద్దు పెట్టుకోలేదు, ఎత్తుకోలేదు. ముందు గదమ కింద వేలు పెట్టి చూసింది. చూసి, అక్కడే రోడ్డు మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

కేసు ఆ తర్వాత కొంతకాలానికి మూసేశారు. మచ్చలు మాత్రం పోలేదు. చిన్నగా, నల్లగా బొడ్డు చుట్టూ ఉన్నాయి. మా అమ్మాయి అడిగితే పుట్టుమచ్చలు అని మా ఆయనే చెప్పాడు. వాళ్ల నాయనకూ ఉన్నాయి కాబట్టి అది నమ్మింది.

మొన్నటి సినిమాలో చివరికి ఆ కుటుంబం గెలిచింది. పెద్ద వకీలు చాలాసేపు మాట్లాడాడు, జడ్జి కళ్లద్దాలు తుడుచుకున్నాడు, అందరూ లేచి చప్పట్లు కొట్టారు. మా ఆయన కళ్లు తుడుచుకోవడం నేను చూశాను, చూడనట్టు ఊరుకున్నాను. మా అత్త మాత్రం చేటలో తొక్కలన్నీ ఒక పక్కకు నెట్టి, అసంతృప్తిగా తల అడ్డంగా ఊపింది.

"ఇంతసేపు ఇంతమంది అరిచినారు," అంది. "ఒక్కరన్నా బిడ్డ అన్నం తినిందా అని అడగలా."

ఆ రోజు మా కోర్టులోనూ డాక్టరు, వకీళ్లు, తల్లినైన నేను, అందరం మచ్చల గురించే మాట్లాడాం. ఆ ఒక్క మాట అడిగింది ఈమె ఒక్కతే.

"మన కోర్టు ఏందో చెప్పలేదు," అని మా అమ్మాయి మళ్లీ మొదలుపెట్టింది. మా అత్త నా వైపు చూసింది. ఆమె నా అనుమతి అడిగిన సందర్భాలు చాలా తక్కువ. మా ఆయన కూడా నా వైపే చూస్తున్నాడు. నేను మా అమ్మాయి చేతిలోంచి రిమోట్ తీసుకుని టీవీ ఆపేశాను.

"చెప్పు అత్తా. ఇంక చెప్పొచ్చు," అన్నాను.

మా అత్త మనవరాలిని దగ్గరికి లాక్కుని, అలవాటు కొద్దీ గదమ కింద వేలు పెట్టి చూసింది. ఇప్పుడక్కడ మడత లేదు, బడికి సైకిలు తొక్కే పిల్ల. ఆమె ఒలిచిన పప్పులు గుప్పెడు దాని దోసిట్లో పోసి, తినమని చెప్పి, మొదలుపెట్టింది.

"నువ్వు అప్పుడు అన్నం తినేదానివి కాదు."